పడిన నేలకు ముందుకాలు

మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చునేవాడికి చేనెందుకని గుడియాత్తంలో నన్ను అడగని నోరు లేదు. అందరికంటే ముందు అడిగినవాడు నా సొంత తమ్ముడు తిరువేంగడం.

"మన తాతలంతా పడుగూ పేకా పెట్టుకోని బతికినారు. నువ్వు పార పట్టి ఏం తవ్వుతావన్నా?" అన్నాడు వీధి నడిమధ్యన నిలబడి.

వీధి పొడుగునా పడుగు చాచి గంజి పెడుతున్నవాళ్ళు కుంచెలు ఆపి మరీ నవ్వారు. వాళ్ళలో సగం మంది షావుకారు నూలుకు కట్టుబడినవాళ్ళే. తాము నేసిన కైలీ లుంగీని తమదని చెప్పుకోలేనివాళ్ళు. అయినా నవ్వారు. నేను చిన్నతనంలోనే బడి మానినవాణ్ణి. ఎదుటివాడి మాటను తిప్పి కొట్టే తెలివి నా నాలుకకు లేదు. అందుకని నోరెత్తకుండా నా వంతు మగ్గాలు అమ్మేసి చేను కొన్నాను.

చేను ఊరికి పడమట, కొండ మొదట్లో. ఎర్రనేల. వేరుశనగకు అంతకంటే మంచి నేల ఆ చుట్టుపట్ల లేదు. చేను చివర సున్నం కొట్టిన రాళ్ళ కుప్పలు వరసగా ఉండేవి. రాళ్ళకు ఇవతల నా పట్టా, అవతల సర్కారు వారి రిజర్వు అడవి. ఆ సంగతి నాకు తెలుసు, సర్కారుకు తెలుసు. అడవిపందులకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

మొదటి పంటలో నాకు మిగిలింది తీగలే. కాయ ఊరే వేళకు పందులు దిగేవి. మూతితో నేలను దున్నుకుంటూ పోయేవి. నాగలితో నేను దున్నిన చాలుకంటే వాటి చాలే తిన్నగా ఉండేదని నా పెళ్ళాం చౌడేశ్వరి అంది. ఓదార్పుగా అన్నదో, ఎత్తిపొడుపుగా అన్నదో ఇప్పటికీ తెలియదు. డప్పు కొట్టాను. మంటలు పెట్టాను. పాత చీరలు కట్టాను. పందులు చీరలను కూడా తొక్కి పోయాయి.

అందుకని తుపాకి లైసెన్సు కోసం తిరిగాను. ఢిల్లీలో రాజుగారి దర్బారు జరిగిన మరుసటేడు అది. జిల్లా కచేరీ చిత్తూరు వదిలి వేలూరికి వచ్చి ఎంతో కాలం కాలేదు. కొత్త కచేరీ అయినా పాత బంట్రోతులే. కాట్పాడిలో రైలు దిగి, ఏరు దాటి, కచేరీ వరండాలో నేను కూర్చున్న చోట గోడకు నా వీపు మచ్చ పడి ఉంటుంది. ఆఖరికి ఒక గుమాస్తా లైసెన్సు చేతికిచ్చి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాడు.

"ఇను. పట్టా నేలలో పైరు పాడుచేసే మృగాన్ని కొట్టుకో, నిన్ను అడిగేవాడు లేడు. అడవి రాళ్ళు దాటి తుపాకి మోసినావంటే కేసు. కేసులో ఓడినావంటే తుపాకి సర్కారుకి పోతాది. లైసెన్సు మళ్ళా ఈ జన్మలో రాదు. తెలిసిందా?"

తెలిసింది. బడిలో నేర్చుకున్నది ఏదీ నిలవలేదు గానీ ఆ నాలుగు మాటలు నిలిచాయి.

గొట్టంలో మందు దట్టించి పేల్చే పాత తుపాకి అది. దాన్ని భుజాన వేసుకుని నేతవీధిలోంచి వస్తుంటే తిరువేంగడం అరుగు మీంచి, "దండయాత్రకు పోతా ఉండావా అన్నా?" అన్నాడు. చౌడేశ్వరి తలుపు తీస్తూనే, "తెచ్చినావు సరే, పంది నిలబడి కాల్చమంటాదా?" అంది.

నిలబడలేదు గానీ, వచ్చింది. ఆ మందలో ఒక మగపంది ఉండేది. ఒక పక్క కోర విరిగి, రెండో కోర కొడవలిలా పెరిగి ఉండడంతో కొండ కింద పల్లెవాళ్ళు దాన్ని ఒంటికోర అనేవాళ్ళు. రెండో పంట కాయ ముదిరి పీకుతున్న రోజుల్లో, తూరుపు తెల్లబడుతుండగా అది నా మంచె ముందుకు వచ్చి, నా వేరుశనగ వరసలో మూతి పెట్టింది. నేను కాల్చాను. పొగ తేలిపోయేసరికి అది అరుస్తూ చేనుకు అడ్డంగా పరుగెత్తుతోంది. వరసలు దాటింది, రాళ్ళు దాటింది. అడవి మొదట్లో ఒక కలివిపొద దగ్గర కూలబడింది.

నేను తుపాకిని మంచె మీదే వదిలి దిగాను. రాళ్ళ దాకా నడిచి అక్కడే ఆగాను. గుమాస్తా మాటలు నా కాళ్ళకు సంకెళ్ళలా పడ్డాయి.

పేలుడు విని పల్లె జనం వచ్చారు. వాళ్ళతోపాటు ఫారెస్టు గార్డు దేవరాజులు కూడా వచ్చాడు. అతను ఆ కొండ కిందే పుట్టినవాడు. ఖాకీ చొక్కా తొడిగాక పుట్టిన ఊరిని మరిచాడు గానీ, ఊరి కూరను మరవలేదు.

"నువ్వు ఆడనే ఉండు ఆదిమూలం. లోపలికి అడుగు పెట్టబాక" అని నన్ను ఆపి, పల్లె మగవాళ్ళను నలుగురిని పిలిచి, "ఏంది చూస్తా ఉండారు? ఈడ్చండప్పా బయటికి" అన్నాడు. వాళ్ళు పందిని నా చేనులోకి ఈడ్చుకొచ్చారు.

అక్కడ వేట పంచడానికి ఒక పద్ధతి ఉంది. వాటాలు వేసే పెద్ద వరదప్ప. కన్ను మసకేసినా కత్తి మసకేయని ముసలాయన. ఆకులు పరిచి, ఒక్కొక్క వాటా కోసి, పైకెత్తి, కొండ వినేలా పిలుస్తాడు. ఎవరిదైతే వాళ్ళు "అందినాది!" అని గట్టిగా పలకాలి. పలికితేనే అది వాళ్ళది. మూడు పిలుపులకూ పలకకపోతే ఆ ముక్క కుక్కలకు పోతుంది. అంతటితో ఆగదు. పలకని వాటా ఆ ఇంటి కడుపుపంటను తీసుకుపోతుందని కొండ కింద నమ్మకం. పాలు తాగే బిడ్డకు మాటలు నేర్పేటప్పుడు అమ్మా, అప్పా తరవాత వాళ్ళు నేర్పేది ఆ మాటే.

"గంగమ్మకు కార్జం!" అన్నాడు వరదప్ప. అందరూ దండం పెట్టారు.

"కొట్టిన చేతికి తల!"

నేను బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. నా చేనులో కలుపు తీసే మునియమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. "పలకప్పా! నిన్నే!"

"అందినాది" అన్నాను.

"నేతాయన గొంతు గదా, దారం మాదిరి ఉండాది" అన్నారెవరో. పల్లెంతా నవ్వింది. నాకు నవ్వులు కొత్తా?

"గాయమైన నేలకు ఎనక తొడ!" అదీ నాదే. ఆ నేల నా చేను. మళ్ళీ పలికాను, మళ్ళీ నవ్వారు.

"ఈడ్చిన చేతులకు పక్కటెముకలు!" ఆ నలుగురూ పలికారు.

"పడిన నేలకు ముందుకాలు!"

పడిన నేల సర్కారుది. సర్కారుకు అక్కడ నోరెవరు? దేవరాజులు చొక్కా సర్దుకుని, రొమ్ము విరుచుకుని ముందుకొచ్చి, "అందినాది!" అన్నాడు. కొండలో పక్షులు లేచాయి.

కాలు అందుకున్నవాడు ఊరుకోవచ్చు కదా. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"మీ ఇంట్లో పంది వండరంట గదా. ఆ ఎనక తొడ కూడా నాకిచ్చెయ్యి. మా ఆడమనిషి కడుపుతో ఉండాది, తినాలని ఆశపడతా ఉండాది."

ఇచ్చేవాడినేమో. కానీ మునియమ్మ నా పక్కనే ఉంది. ఆ ఎండాకాలం ఆమె మేకలు రాళ్ళు దాటి గడ్డి కొరికాయని బందెలదొడ్లో కట్టించి, విడిపించుకోవడానికి వెళితే ఒక పిల్లను కోయించుకు తిన్నవాడు ఈ దేవరాజులే.

"అట్లనా? అయితే ఇదిగో" అని తొడను ఎత్తి మునియమ్మ గంపలో పెట్టాను. "నీ మేకపిల్లకు బదులమ్మా. దేవరాజులు ఇప్పించినాడనుకో."

ఈసారి జనం నవ్వింది నన్ను చూసి కాదు. అంత మంది నా పక్కన నిలబడి నవ్వడం నా జన్మలో అదే మొదలు. దేవరాజులు ముఖం మాడిన రొట్టెలా అయింది.

"చూస్తాలే ఆదిమూలం" అని ముందుకాలు భుజాన వేసుకుని పోయాడు.

చూశాడు కూడా. వారం తిరక్కముందే బంట్రోతులు వచ్చి తుపాకి పట్టుకుపోయారు. నేను రాళ్ళు దాటి రిజర్వులో తుపాకి పేల్చానని, సర్కారు పందిని చంపి ఎత్తుకుపోయానని కేసు. చేను కాపలా ఆ రోజుతో పోయింది. పందులకు ఎవరు చెప్పారో గానీ, ఆ రాత్రి నుంచే పిల్లాజెల్లాతో దిగాయి. సగం పంట ఇంకా నేలలోనే ఉంది. తుపాకి తిరిగి రాకపోతే ఆ సగమే కాదు, ఆ చేనులో ఇక ఏ పంటా నాది కాదు. అమ్ముదామన్నా పందులు మేసే చేను కొనేదెవరు? మళ్ళీ తమ్ముడి మగ్గం మీద కూలికి కూర్చోవడమే.

"మగ్గం ఖాళీగానే ఉండాదన్నా" అన్నాడు తిరువేంగడం, నేను అడగకముందే.

వేలూరికి పోయి ఒక వకీలును కలిశాను. కోట పక్క వీధిలో పెద్ద బోర్డు ఉన్నాయన. నా మాట సగం విని చెయ్యెత్తాడు.

"నేరం ఒప్పుకో. అపరాధం రుసుముతో పోతాది."

"తుపాకి?"

"అది పోతాది."

"మరి నా చేను సామీ?"

"నేతపని చేసేవాడివి, నీకు చేనెందుకయ్యా?"

నేను చెప్పులు వేసుకుని లేచి వచ్చేశాను. గుడియాత్తం దాకా ఆ మాటే రైలు చక్రంలా తిరిగింది నా బుర్రలో. ఇంటికి పోకుండా కొండ కిందికి పోయి వరదప్ప గుడిసె ముందు కూర్చున్నాను.

"సాచ్చికానికి వస్తావా పెద్దాయనా?"

"నేను చూడలేదు గదప్పా నువ్వు కాల్చింది" అన్నాడు ముసలాయన. "వాటాలేసింది మాత్రం నేనే. ఆ కాడికి చెప్పమంటే చెప్తా."

"ఆ కాడికే చెప్పు."

విచారణ గుడియాత్తం తాలూకా కచేరీలో. సబ్ మేజిస్ట్రేటు తమిళం అయ్యరు. ఆయన తమిళంలో అడుగుతాడు, మేం తెలుగులో చెబుతాం, నడుమ రెండూ కలిసిపోతాయి. నాకు వకీలు లేడు. పల్లె జనం వరండాలో గుంపుగా నిలబడ్డారు. తమ్ముడు కూడా వచ్చాడు, నేను ఓడడం చూసి తోడుగా ఇంటికి తీసుకుపోవడానికి. ఫారెస్టు రేంజరు కుర్చీలో కూర్చున్నాడు. నా తుపాకి బల్ల మీద, శవంలా పడుకుని ఉంది.

దేవరాజులు ప్రమాణం చేసి చెప్పాడు. "రాళ్ళకు లోపల, కలివిపొద కాడ, ఇతను కాలుస్తా ఉండగా నా కండ్లారా చూసినాను. నేను పోయేలోగా పందిని ఎత్తుకోని పారిపోయినారు."

మేజిస్ట్రేటు నా వైపు తిరిగాడు. "ఏమైనా అడగాలా?"

"ఒకే మాట సామీ. ముందుకాలు కూర రుచిగా ఉండిందా అని అడగండి."

వరండాలో నవ్వులు. మేజిస్ట్రేటు ముక్కు చిట్లించాడు. దేవరాజులు మాత్రం తడబడలేదు. "ఏ కాలు? నేను ఏదీ ముట్టలేదు దొరా. సర్కారు సొత్తు తినేవాణ్ణి కాను."

అప్పుడు వరదప్పను పిలిపించాను. ముసలాయన బోనులోకి ఎక్కి, తడుముకుని, కమ్మీని పట్టుకున్నాడు.

"పందిని పంచింది నువ్వేనా?" అన్నాడు మేజిస్ట్రేటు.

"నేనే సామీ."

"ఎవరెవరికి ఏమేమి ఇచ్చావు? చెప్పు."

"ఊరికే చెప్తే రాదు సామీ. పిలిస్తే వస్తాది."

"అదేమిటప్పా?"

వరదప్ప పద్ధతి చెప్పాడు. పిలవడం, పలకడం, పలకని వాటా ఏం చేస్తుందో అదీ. మేజిస్ట్రేటు గోడ గడియారం చూసి, విసుగ్గా, "సరి సరి. పిలువు మరి. త్వరగా" అన్నాడు.

వరదప్ప వరండా వైపు తిరిగాడు. ఒంట్లో ఉన్న ఊపిరంతా గొంతులోకి తెచ్చుకున్నాడు.

"గంగమ్మకు కార్జం!"

వరండాలో చేతులన్నీ జోడించుకున్నాయి. కచేరీ బంట్రోతు కూడా జోడించి, తరవాత గబుక్కున దించేశాడు.

"కొట్టిన చేతికి తల!"

"అందినాది" అన్నాను.

"గాయమైన నేలకు ఎనక తొడ!"

"అందినాది!" అన్నాను. ఈసారి గొంతు కొంచెం పెగిలింది.

"ఈడ్చిన చేతులకు పక్కటెముకలు!"

"అందినాది!" అని వరండాలోంచి ఆ నలుగురూ ఒక్క గొంతుగా పలికారు. మేజిస్ట్రేటు కలం కింద పెట్టాడు. గడియారం వైపు చూడడం మానేశాడు.

"పడిన నేలకు ముందుకాలు!"

ఎవరూ పలకలేదు. ఎవరూ దేవరాజులు వైపు చూడలేదు కూడా. అందరూ నేల చూపులు చూస్తున్నారు, పాడె ఎదురైనప్పుడు చూసినట్టు.

"పడిన నేలకు ముందుకాలు!"

దేవరాజులు పెదవులు కదిలాయి. రేంజరు అతన్నే చూస్తున్నాడు. అతను పెదవులు కరుచుకున్నాడు. వరండా గడప మీద నిలబడిన మునియమ్మ, మేకపిల్లను పోగొట్టుకున్న మునియమ్మే, మెల్లగా అంది:

"ఒరే దేవరాజులూ, ఇంట్లో ఆడమనిషికి నెలలు నిండినాయి నాయనా."

"ఎవరూ మాట్లాడకూడదు!" అని బంట్రోతు అరిచాడు.

వరదప్ప మూడోసారి ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరి చప్పుడు కచేరీ అంతా వినబడింది.

"పడిన నేలకు..."

"అందినాది" అన్నాడు దేవరాజులు.

నా గొంతు కంటే సన్నంగా అన్నాడు. దారం కూడా కాదు, దారంలోంచి తీసిన పోగు.

వరండా గుప్పున ఊపిరి వదిలింది. మేజిస్ట్రేటు దేవరాజులు వైపు తిరిగి అడిగాడు.

"కాలు తీసుకున్నావు కదా?"

"...తీసుకున్నాను దొరా."

"పడిన నేల తరఫున. మరి గాయమైన నేల వాటా, ఆ తొడ, నీకెందుకు ఇవ్వలేదు?"

దానికి జవాబు బోనులోంచి వరదప్పే చెప్పాడు. "గాయమైంది ఆదిమూలం చేన్లో సామీ. అడవిలో గాయమై ఉంటే తొడ కూడా సర్కారుదే. దేవరాజులు ఇడిసిపెట్టే మనిషా? నాది అని గుంజుకోనుండడా? గుంజుకోలేదు. తరవాత పోయి అడుక్కున్నాడు."

ఈసారి రేంజరు తప్ప అందరూ నవ్వారు. మేజిస్ట్రేటు పై పంచెను మూతికి అడ్డం పెట్టుకున్నాడు. పంది కూర మాట విన్న అసహ్యమో, నవ్వో, నేను నవ్వనే అంటాను.

తీర్పు రాయడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు. పట్టా నేలలో పైరు మేసే పందిని కొట్టడం నేరం కాదు. గాయమైన పంది రాళ్ళు దాటి పడితే అది కొట్టినవాడి తప్పు కాదు. ముద్దాయి తుపాకితో రిజర్వులోకి పోయాడన్నది నమ్మదగిన మాట కాదు. కేసు కొట్టేశాడు. తుపాకి ఇచ్చేయమన్నాడు. ఆ తరవాత రేంజరు వైపు తిరిగి, "లోపల పడినదాన్ని బయటికి ఈడ్పించింది ఎవరో, కాలు తిన్నది ఎవరో, మీరు విచారించుకోండి" అన్నాడు.

నేను బల్ల దగ్గరికి పోయి తుపాకిని రెండు చేతులతో ఎత్తుకున్నాను. పురిటి బిడ్డను కూడా నేను అంత జాగ్రత్తగా ఎత్తుకోలేదని తరవాత చౌడేశ్వరి అంది. పల్లెవాళ్ళు కచేరీ మెట్ల మీదే ఈలలు వేశారు. వరదప్పను ఒకడు భుజాల మీదికి ఎత్తుకుంటే, "దించండ్రా, కిందపడితే నన్ను ఏ నేలకు వాటా వేస్తారు?" అని ముసలాయన కేకలు.

బజారు మీదుగా వచ్చాం. నేతవీధిలోకి రాగానే పడుగుల దగ్గర కుంచెలు ఆగాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. కుంచెలోంచి గంజి పాదాల మీద కారుతున్నా చూసుకోలేదు కొందరు. మా వెనకే వచ్చిన తిరువేంగడం ఉన్నట్టుండి ముందుకొచ్చి చెయ్యి చాచాడు.

"అలిసిపోయినావు. తుపాకి నేను మోస్తాను ఇయ్యన్నా."

మాటను తిప్పి కొట్టే తెలివి నా నాలుకకు లేదన్నాను కదా. ఆ పూట ఎక్కడినుంచో వచ్చింది.

"మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చునేవాడికి తుపాకెందుకురా?" అన్నాను.

వీధి విరగబడి నవ్వింది. చెప్పొద్దూ, ఇన్నేళ్ళ నా కడుపు మంట సగం ఆ నవ్వులో ఆరింది. మిగతా సగం ఉంచుకున్నాను, పనికొస్తుందని.

దేవరాజులును జోలార్పేట వైపు మార్చారు. పోయేముందే ఇంట్లో ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా బాగున్నారని మునియమ్మ చెప్పింది. బాగుండక ఏం? పలికాడు కదా.

తుపాకి వచ్చాక, పందులు మేయగా మిగిలిన పంట గంపల్లోకి ఎక్కింది. ఆ మరుసటి పంటకు ఇంకో మగపంది దిగింది, ఒంటికోర కంటే పెద్దది. ఈసారి తొందరపడలేదు. చేను నడిమధ్యకు, నాలుగు వైపులా నా వేరుశనగ తప్ప మరేమీ లేని చోటికి వచ్చేదాకా చూశాను. ఒకే దెబ్బకు అక్కడే పడింది. కొత్తగా వచ్చిన గార్డు రాళ్ళకు అవతల నిలబడి చూస్తున్నాడు. రాయి దాటి ఒక్క నెత్తురు చుక్క పోలేదు.

వరదప్ప ఆకులు పరిచాడు. పల్లె గుమిగూడింది. తల తరవాత తొడ ఎత్తాడు.

"గాయమైన నేలకు ఎనక తొడ!"

"అందినాది!"

పక్కటెముకలు పంచి, ముందుకాలు ఎత్తాడు. ఎత్తి, ఒక్క క్షణం నా వైపు తిరిగి, పళ్ళు లేని నోటితో నవ్వాడు.

"పడిన నేలకు ముందుకాలు!"

రెండు కాళ్ళూ నా నేలలో గట్టిగా ఊని, రాళ్ళకు అవతల ఉన్నవాడికీ, ఊళ్ళో మగ్గాల మీద ఉన్నవాళ్ళకూ, వేలూరు కోట పక్కన పెద్ద బోర్డు కింద కూర్చున్నాయనకూ వినబడాలని పలికాను.

"అందినాది!"

కొండ తిరిగి పలికింది. మునియమ్మ చెవులు మూసుకుంది.

"మెల్లగప్పా" అన్నాడు వరదప్ప. "సర్కారుకి ఇనపడతాది."

"ఇనపడనీ" అన్నాను.